గుణవతి మీద పేచీ

మా అత్తయ్య పోయాక ఆవిడతో నాకు పేచీ వచ్చింది. పోయినవాళ్ళతో పేచీ ఏమిటని మీరు నవ్వుతారు. బతికున్నన్నాళ్ళూ మేమిద్దరం పైకి ఒక్క మాట అనుకున్నవాళ్ళం కాదు. అందుచేత బాకీలన్నీ అలాగే మిగిలిపోయాయి.

అత్తయ్య కిందటేడు సంక్రాంతి వెళ్ళిన వారానికి పోయింది. తొంభై దగ్గరికి వచ్చిన మనిషి, రాత్రి గంజి తాగి పడుకుని తెల్లారి లేవలేదు. అలాంటి చావు అందరికీ రాదన్నారు చూడవచ్చినవాళ్ళు. నెల తిరిగాక ఇంటిల్లిపాదీ కూర్చుని, ఏడాది కూడిక నాటికి సమాధి మీద రాయి వేయించాలని అనుకున్నాం. పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ, వాటి కింద ఒక్క మాట. ఆ ఒక్క మాట దగ్గరే వచ్చింది చిక్కు.

"గుణవతి అని చెక్కిద్దాం వదినా. అమ్మకి ఆ అధ్యాయమంటే ప్రాణం కదా" అంది మా ఆడపడుచు.

మావారు తలూపారు. మరిది తలూపాడు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పినదాన్ని కనుక రాత పని నాదే అన్నారు. నేను మాత్రం కాఫీ గ్లాసులు తీసే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఎందుకో చెప్తాను. బైబిల్లో సామెతల గ్రంథమని ఒకటుంది. దాని చిట్టచివర, 31వ అధ్యాయంలో, ఇరవై రెండు వచనాల పద్యం ఒక ఇల్లాలిని పొగుడుతుంది. ఆవిడ చీకటితోనే లేస్తుంది. వడుకుతుంది, నేస్తుంది, నేసింది వర్తకులకు అమ్ముతుంది. పొలం చూసి కొంటుంది. బీదవాళ్ళకి చెయ్యి చాపుతుంది. రాత్రి ఆవిడ దీపం ఆరదు. అలాంటి ఇల్లాలికి తెలుగు బైబిలు పెట్టిన పేరు గుణవతి. 1984లో దుమ్ముగూడెంలో మా పెళ్ళినాడు అయ్యగారు చదివింది ఆ అధ్యాయమే. తలవంచుకుని విన్నాను. ఆ గుణవతి నా వెంట కాపరానికి కూడా వస్తుందని అనుకోలేదు.

వచ్చింది. అత్తయ్య నాలుగింటికి లేచేది. నేను ఐదున్నరకి లేచేదాన్ని. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనేది కాదు. పొయ్యి ఊదుతూ, చీకటితో లేచే ఇల్లాలి వచనం పైకి చెప్పుకునేది, అంతే. నేను బడి నుంచి వచ్చి కాసేపు నడుం వాలిస్తే, సోమరితనపు కూడు తినని ఇల్లాలి వచనం. ఏ వచనంలోనూ తిట్టు లేదు, నా పేరు లేదు. దేవుడి వాక్యానికి కోడలు ఏమని ఎదురు చెప్తుంది? నలభై ఏళ్ళకి కాస్త తక్కువగా ఆ గుణవతి నా నెత్తిన కూర్చుంది. ఇప్పుడు రాతి మీద కూడా కూర్చుంటానంటోంది, నా చేతి రాతతోనే.

ఆ ఆదివారం మా కుర్ర అయ్యగారితో ఈ రాయి సంగతి మాట వరసకి అన్నాను. ఆయన ఏదో ఆలోచిస్తూ, "మూలంలో అక్కడున్న మాట వేరమ్మగారూ. చాలా బలమైన మాట" అన్నారు. ఏం మాటండీ అని అడిగేలోగా ఎవరో బాప్తిస్మం గురించి మాట్లాడటానికి వచ్చి ఆయన్ని లాక్కుపోయారు.

తెలుగు పంతులమ్మకి మూలం వేరని చెప్పి వదిలేస్తే నిద్ర పడుతుందా? పాత నిబంధన మూలం ఒకటి రెండు గ్రంథాల్లో కొన్ని భాగాలు తప్ప అంతా హెబ్రీ భాష. ఈ కాలం పిల్లలు హీబ్రూ అంటారు. సరే, ఆ పద్యం ఒక్కటీ హెబ్రీలో చదవాలి, ఆ బలమైన మాటేదో పట్టుకోవాలి, కూడిక నాడు అందరి ముందూ చెప్పాలి, ఆ గుణవతిని నా నెత్తి మీద నుంచి దించాలి అని నిశ్చయించుకున్నాను. అరవై రెండేళ్ళ వయసులో, పదకొండు నెలల గడువుతో.

"ఈ భద్రాచలంలో కూర్చుని హెబ్రీ ఏమిటే? ఎవరితో మాట్లాడతావు?" అన్నారు మావారు.

మా వైపు భాష కోసం తంటాలు పడటం కొత్త సంగతేమీ కాదు. 1860ల్లో గోదావరి పనుల మీద వచ్చిన హేగ్ అనే ఇంజనీరు పట్టుదలతో దుమ్ముగూడెంలో మిషను మొదలైంది. ఆ తరవాత వచ్చిన జాన్ కెయిన్ దొర అక్కడే ఏళ్ళ తరబడి ఉండి, కోయ భాష పట్టుబట్టి నేర్చుకున్నాడు. మా భద్రాచలం, రేకపల్లి తాలూకాల మాటలూ ఆచారాలూ 1870ల్లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికకి రాశాడు. కోయ నిఘంటువు కొట్లో కొని తెచ్చుకునేది కాదు కదా. ఆ అడవి పల్లెల్లో మనుషులే ఆయనకి నిఘంటువు. ఆయన అంత చేస్తే, నేను గదిలో ఫ్యాను కింద కూర్చుని ఇరవై రెండు వచనాలు చదవలేనా అనుకున్నాను.

మొదటి పొరపాటు ఫోనుతో చేశాను. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి భాషలు నేర్పే యాప్ ఒకటి ఫోనులో వేసింది. రెండు నెలలు పొద్దున్నే దానితో కుస్తీ పట్టాను. బస్సు ఎక్కడ ఆగుతుంది, నాకు కాఫీ కావాలి, మా అన్నయ్య ఇంజనీరు అని హెబ్రీలో చెప్పగలిగాను. తీరా బైబిలు వాక్యం దగ్గరికి వెళితే ఒక్క క్రియ బోధపడలేదు. ఆ యాప్ నేర్పేది ఇప్పటి ఇజ్రాయెల్ వీధుల్లో మాట్లాడుకునే భాష. పాత భాషకి అది బంధువే గానీ, పద్యానికి అది చాలదు. పేపరు చదవడం వచ్చినవాడికి నన్నయ అర్థం కావాలంటే ఎలా? అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రెండు నెలల్లో నోరు తిరిగింది. గొంతు లోపలి నుంచి గీరుకుంటూ వచ్చే "హ" ఒకటుంది వాళ్ళకి. మన అక్షరాల్లో అది లేదు. నేను సాధన చేస్తుంటే, మావారు దగ్గు మందు సీసా తెచ్చి ఎదురుగా పెట్టారు.

రెండో పొరపాటు మా అమ్మాయి చేసింది. అమ్మ చదువుకుంటోందన్న సంబరంలో పుస్తకాలన్నీ ఒక్కసారే తెప్పించి పంపింది. అట్టపెట్టె విప్పితే మంచం నిండింది. పట్టుచీరల కొట్లో కూర్చున్నట్టయింది నా పని. ఏది ముట్టుకున్నా బాగానే ఉంది, ఏది కట్టుకోవాలో తెలియదు. వారం రోజులు ఒక్కో పుస్తకం పీఠిక చదివి పక్కన పెట్టాను. పీఠికలు చదవడం చదువు కాదని పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో!

చివరికి అయ్యగారే దారి చూపించారు. ఆయన సెమినరీలో హెబ్రీ పాఠం చదివినవారు. మంచం మీది పుస్తకాలు చూసి నవ్వి, "ముందు అక్షరాలు దిద్దండమ్మగారూ. ఇవన్నీ తరవాత" అన్నారు.

అక్షరాలు ఇరవై రెండు. కుడి నుంచి ఎడమకి రాయాలి. నాలుగు గీతల కాపీ పుస్తకం కొనుక్కుని, ఒకటో తరగతి పిల్లలా దిద్దాను. దాలెత్‌కీ రేష్‌కీ తేడా ఒక మూల కోసుగా ఉంటుందా, గుండ్రంగా ఉంటుందా అన్నదే. హే, హేత్ అనే రెండు అక్షరాలైతే కవల పిల్లలు. పైగా ఇరవై రెండూ హల్లుల లెక్కే. అచ్చులు అక్షరాలు కావు, అక్షరం కిందా పైనా పెట్టే చుక్కలూ గీతలూ. వెయ్యేళ్ళకి పైబడిన కిందట, ఉచ్చారణ మరుగున పడిపోతుందన్న బెంగతో తిబెరియ పట్నపు పండితులు ఆ గుర్తులు పెట్టారట. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మన తలకట్టు, గుడి, కొమ్ములే కదా ఇవి! అచ్చంగా గుణింతం. క గుణింతం వచ్చిన తెలుగుపిల్ల ఆ చుక్కలకి బెదరక్కర్లేదు.

ఇంకో తమాషా చెప్పాలి. నేను చదవాలనుకున్న పద్యమే అక్షరమాల పద్యం. మొదటి వచనం మొదటి అక్షరంతో, రెండోది రెండో అక్షరంతో, అలా ఇరవై రెండు వచనాలూ ఇరవై రెండు అక్షరాలతో మొదలవుతాయి. మన స్తోత్రాల్లో అక్షరమాలికలు ఉంటాయే, ఆ పద్ధతే. యూదుల ఇళ్ళలో శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినపు భోజనానికి కూర్చునేముందు ఈ పద్యం పాడటం ఆచారం. అంటే నేను కొనాల్సిన మొదటి వాచకం పైసా ఖర్చు లేకుండా ఆ పద్యంలోనే ఉందన్నమాట. వరసగా మొదటి అక్షరాలు వేలు పెట్టి చదువుకుంటూ పోతే, పదిహేను రోజుల్లో అక్షరమాల కంఠతా వచ్చింది.

ఆ తరవాత మంచం మీది పుస్తకాలు ఒక్కొక్కటే పనికి రావడం మొదలుపెట్టాయి. హెబ్రీ మాట కింద ఇంగ్లీషు మాట అచ్చువేసిన పుస్తకం ఒకటుంది. పక్కింటి వదినగారు దాన్ని చూసి, "ఇది మా ప్రతిపదార్థమే కదండీ" అన్నారు. వాళ్ళాయన రాములవారి గుడి వీధిలో పుస్తకాల కొట్టు నడిపేవారు. ఆవిడ రిటైరైన మేష్టారి దగ్గర సంస్కృతం చెప్పించుకుని, వాల్మీకం రోజుకు పది శ్లోకాల చొప్పున చదువుతారు. ఆవిడ పుస్తకంలో శ్లోకం కింద ప్రతిపదార్థం, దాని కింద తాత్పర్యం. నా పుస్తకంలో తాత్పర్యం లేదు, అంతే తేడా. అది చేతిలో ఉంటే హాయిగానే ఉంటుంది, కానీ కళ్ళు కింది వరసలోకే జారిపోతాయి. పరీక్ష గైడు కొన్న పిల్లవాడు పాఠం తెరుస్తాడా? అందుకని పోస్టుకార్డు ముక్కతో కింది వరస మూసి, పైమాట నోటితో చదివాకే కార్డు తీయాలని నియమం పెట్టుకున్నాను.

వ్యాకరణానికి వైన్‌గ్రీన్ పుస్తకం మిగుల్చుకున్నాను. 1939లో వచ్చింది. డబ్లిన్ ప్రొఫెసరుగారు. పాఠానికో అభ్యాసం ఇస్తాడు, అభ్యాసం చెయ్యనిదే ముందుకి పోనివ్వడు. మా కాలపు మేష్టర్లలా అనిపించి గౌరవం కలిగింది. నిఘంటువుకి 1906లో పూర్తయిన బ్రౌన్, డ్రైవర్, బ్రిగ్స్ అనే ముగ్గురి పుస్తకం. ఇందులో మాట దొరకాలంటే ముందు దాని ధాతువు తెలియాలి. తోక పట్టుకుని వెతికితే పాము దొరకదు, తలే పట్టుకోవాలి. మొదట్లో రోజుకి రెండు మాటలు దొరికితే గొప్ప.

వీటన్నిటికంటే నా పేచీకి పనికొచ్చింది స్ట్రాంగ్ అనే అమెరికా ఆయన 1890లో అచ్చువేసిన పదసూచిక. బైబిల్లో ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. ప్రతి హెబ్రీ మాటకీ ఒక అంకె, మొత్తం 8674. అంకె పట్టుకుంటే అక్షరాలు రానివాళ్ళు కూడా మాట వెంట తిరగొచ్చు. గుణవతి వెనకున్న మాట అంకె 2428. మాట "హయిల్". మూలంలో ఆవిడ "ఏషెత్ హయిల్", హయిల్ గల స్త్రీ.

ఆ అంకె పట్టుకుని తెలుగు బైబిలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ గుర్తే. ఎర్ర సముద్రం దగ్గర ఫరో రథాలతో తరుముకొచ్చింది హయిల్, అక్కడ తెలుగులో సేన. గిద్యోనుని దేవదూత పలకరించినప్పుడు హయిల్, అక్కడ పరాక్రమం. బోయజు అనే పెద్దమనిషికి హయిల్ ఉంది, తెలుగులో ఆయన ఆస్తిపరుడు. అదే రూతు గ్రంథంలో ఆ బోయజే, అత్తగారిని వదలకుండా పరాయి దేశం వచ్చి పరిగె ఏరుకుని బతుకుతున్న విధవకోడలు రూతుని "ఏషెత్ హయిల్" అన్నాడు. తెలుగులో ఆవిడ యోగ్యురాలు. మా పద్యంలో ఇల్లాలు గుణవతి. అదే పద్యం చివర, చాలామంది ఆడవాళ్ళు హయిల్ చేశారు గానీ నువ్వు అందరినీ మించావని ఆవిడని మెచ్చుకునే చోట, తెలుగులో ఏముందో తెలుసా? పతివ్రతాధర్మం!

ఒకే మాట. మగవాడి దగ్గర ఉంటే సేన, పరాక్రమం, ఆస్తి. ఆడదాని దగ్గరికి వచ్చేసరికి గుణం, యోగ్యత, పాతివ్రత్యం. మన తెలుగువాళ్ళనే అనడానికి లేదు, పాత ఇంగ్లీషు బైబిలు కూడా అదే పని చేసింది. క్రీస్తుకి పూర్వమే గ్రీకులోకి మార్చిన యూదులు మాత్రం ఆ ఇల్లాలికి వీరత్వమన్న అర్థం వచ్చే మాటే వాడారు.

నాకు ఒళ్ళు మండింది. మండటంలో కొంత ఆనందం కూడా ఉంది, అబద్ధమెందుకు? ఆ రాత్రే కూర్చుని కూడికలో చదవాల్సిన నాలుగు పేజీలు రాసేశాను. మర్నాడు పక్కింటి వదినగారికి చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, "మాటకి అర్థం బాగా పట్టుకున్నారు. మిగతా పద్యం అన్వయం చేసుకున్నారా?" అన్నారు.

లేదు. నేను ఆ ఒక్క మాట కోసమే వెళ్ళాను. పదసూచికతో వచ్చే ప్రమాదం అదే. మాట వెంట ఊరంతా తిరుగుతాం, అది కాపరం చేసే ఇంట్లోకి మాత్రం వెళ్ళం. ఒక మాటకి పది అర్థాలుంటే మనకి నచ్చింది ఏరుకునే హక్కు మనకి లేదు. చుట్టూ ఉన్న మాటలు ఏ అర్థాన్ని ఒప్పుకుంటాయో అదే అర్థం. క్లాసులో ఇదే మాట వందసార్లు చెప్పి ఉంటాను.

పుస్తకాలు మళ్ళీ తెరిచాను. వానాకాలమంతా వారానికి రెండేసి వచనాల చొప్పున పద్యం మొత్తం చదివాను. నాకు నచ్చిన అర్థమే ఒప్పు అని పద్యమే చెప్పింది గానీ, నేననుకున్న తోవన చెప్పలేదు. మొగుడికి లాభానికి లోటుండదని తెలుగులో ఉన్నచోట మూలంలో ఉన్నది "షలాల్", యుద్ధంలో గెలిచి మోసుకొచ్చే కొల్లసొమ్ము. చీకటితో లేచి ఇంటివాళ్ళకి భోజనం పెడుతుందన్నచోట, అదే మా అత్తయ్య వచనం, అక్కడున్న మాట "తెరెఫ్". నిఘంటువు చూసి ఒక క్షణం అలా ఉండిపోయాను. తెరెఫ్ అంటే సింహం వేటాడి తెచ్చే ఎర. ఆ ఇల్లాలు చీకట్లో లేచేది ముగ్గు వెయ్యడానికి కాదు, పిల్లల కోసం వేటకి వెళ్ళడానికి.

అడవి అంచున ఉన్నవాళ్ళం, ఆ మాట మాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పపూవు రాలే రోజుల్లో తెల్లవారుజామున తట్టలతో అడవిలోకి పోయే కోయ ఆడవాళ్ళని చూస్తూ పెరిగినదాన్ని. చీకటితో లేవడం మర్యాద కోసం కాదు వాళ్ళకి. ఆలస్యమైతే ఆ పూట ఉండదు.

ఆ వచనం దగ్గరే నాకు 1986 గుర్తొచ్చింది.

ఆ ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వచ్చింది. 53 అడుగులకే ఆఖరి ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే మీరే ఊహించుకోండి. మేం ఏటికి దగ్గరి వీధిలో అద్దెకుండేవాళ్ళం. మావారు ఉద్యోగం మీద అడవి లోపల ఎక్కడో చిక్కుకుపోయారు. అమ్మాయికి ఎనిమిది నెలలు. నేను అలమారు ముందు నిలబడి ఏం తీసుకోవాలో తెలియక ఏడుస్తున్నాను. అత్తయ్య నా వీపుకి పాతచీరతో పిల్లని కట్టింది, తన నెత్తిన బియ్యం మూట పెట్టుకుంది, చంకన లేసు పెట్టె ఇరికించుకుంది. దుమ్ముగూడెం మిషను దొరసానుల దగ్గర వాళ్ళమ్మ నేర్చిన అల్లిక అది. ఒకప్పుడు దుమ్ముగూడెం లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయింది.

"బైబిలు?" అన్నాను అటక మీద ఉన్న పెద్ద పుస్తకం చూపించి.

"వాక్యం నోటికొచ్చు. బియ్యం నోటికి రావుగా, నడు" అంది.

గుట్ట మీది బళ్ళో అయిదు రోజులున్నాం. అత్తయ్య వెళ్ళగానే మూడు రాళ్ళు ఏరి పొయ్యి పెట్టింది. మా మూట మా ఒక్కళ్ళకే కాలేదు, చుట్టూ ఉన్న పసిపిల్లల తల్లులందరికీ గంజి అయింది. నీళ్ళు తీశాక ఇంటికి వస్తే వెనక గోడ లేదు. లేసు పెట్టెలో ఉన్న పనంతా అమ్మేసి రేకులు కొంది. తడిసిన బైబిలు ఎండలో పెట్టి రేకు కింద కూర్చుని ఆకు ఆకూ విడదీసింది. నేను ఇప్పుడు హెబ్రీ పక్కన పెట్టుకుని చూస్తున్న తెలుగు బైబిలు అదే. సామెతల దగ్గర పేజీల అంచున గోదావరి ఒండ్రు గీత ఇంకా ఉంది.

ఆ అయిదు రోజులూ ఆవిడ నోట ఆ అధ్యాయం రాలేదు. ఈ సంగతి నలభై ఏళ్ళలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

ఆ సాయంత్రం మావారిని అడిగాను. "అత్తయ్య ఆ చీకటి వచనం నేను కాపరానికి వచ్చాకే మొదలుపెట్టిందా?"

ఆయన నా వైపు వింతగా చూశారు. "నీకెందుకు చెప్తుందే? నాన్న పోయినప్పట్నుంచీ చెప్పేది. నాకప్పుడు పదిహేనేళ్ళు. దీపం పెట్టుకుని లేసు అల్లుకుంటూ చెప్పుకునేది. మేం ముగ్గురం ఆ గొంతుతోనే లేచేవాళ్ళం" అన్నారు.

నేను ఇంకేమీ అడగలేదు. తనని తాను లేపుకోవడానికి చెప్పుకున్న మాటని ఇన్నేళ్ళు నన్ను దెప్పుతోందనుకున్నాను. కొంత దెప్పుడు కూడా ఉండే ఉంటుంది, అత్తగారు కదా. చీర విషయంలో ఉంది, నాకు బాగా తెలుసు. అయినా లెక్క తారుమారైపోయింది. అత్తయ్య నెత్తిన కొట్టడానికి తెచ్చిన మాట, చూస్తే అత్తయ్యకే సరిపోయింది.

నాలుగు పేజీలూ చింపేశాను.

రాయి సంగతి మిగిలింది. గుణవతి తీసేసి "వీరవనిత" అని పెడదామా అనుకున్నాను. జెండా వందనం నాటి ఉపన్యాసంలా ఉంది. "ఏషెత్ హయిల్" అని తెలుగులో చెక్కిస్తే, చూసినవాళ్ళు ఆవిడ ఇంటిపేరనుకుంటారు. అలవాటు కొద్దీ ఇన్ని నెలల తరవాత మన నిఘంటువు ఒకటి తీసి గుణం అన్న మాట చూశాను. స్వభావం, మంచితనం, దారం అని పోతూ పోతూ ఒకచోట ఆగాను. అల్లెత్రాడు. వింటినారి! కావ్యాల్లో గుణధ్వని అంటే వింటినారి మోత అని ఎన్నిసార్లు పాఠం చెప్పానో నాకే లెక్క లేదు. హెబ్రీకి ఇన్ని పుస్తకాలు తెప్పించుకున్నదాన్ని, నా మాట నేను విప్పి చూసుకోలేదు.

బైబిలు అనువాదం చేసినవాళ్ళు వింటినారి తలుచుకుని ఆ మాట పెట్టి ఉండరు. వాళ్ళు అనుకున్నది మంచి స్వభావమే. అలాగని లేని అర్థం అంటగడితే పక్కింటి వదినగారు ఊరుకోరు. కానీ ఆ మాట తన కడుపులో దాచుకున్నదాన్ని నేను చూసి సంతోషించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కూడికలో అయిదు నిమిషాలు మాట్లాడాను. హయిల్ అంటే ఏమిటో, తెరెఫ్ అంటే ఏమిటో చెప్పి, వరదనాటి బియ్యం మూట గురించి చెప్పాను. మా ఆడపడుచు వలవల ఏడ్చింది. అయ్యగారు బయటికొచ్చాక, రూతు కూడా చదవండమ్మగారూ అన్నారు. నా దగ్గరున్న హెబ్రీ బైబిలు జర్మనీలో 1977 నాటికి పూర్తయిన అచ్చు, 1008 ప్రాంతపు రాతప్రతి వరస ప్రకారం వేసింది. అందులో సామెతలు అయిపోగానే రూతు మొదలవుతుంది. గుణవతి పద్యం చివరి వచనం చదివి పేజీ తిప్పితే, ఏషెత్ హయిల్ అనిపించుకున్న ఆ కోడలు అత్తగారి వెంట నడిచొస్తుంటుంది. ఆ వరస పెట్టిన మహానుభావుడెవరో గానీ, అత్తాకోడళ్ళ మర్మం తెలిసినవాడు.

ఇప్పుడు రూతు రెండో అధ్యాయంలో ఉన్నాను. మీలో ఎవరికైనా ఇలాంటి సరదా పుడితే, మంచం నిండా పుస్తకాలు తెప్పించుకోకండి. దిద్దుకోవడానికి ఒక కాపీ పుస్తకం, అభ్యాసాలున్న వ్యాకరణం ఒకటి, నిఘంటువు ఒకటి, కింది వరస మూయడానికి ఒక పోస్టుకార్డు ముక్క చాలు. పదసూచిక ఆఖర్న కొనండి. అన్వయం చేశారా అని అడిగే పక్కింటి వదినగారు దొరికితే అదృష్టమే. అన్నిటికంటే ముందు, చదవాలనుకున్న చిన్న భాగం ఏదో ఎంచుకోండి. పుస్తకం ఏది కావాలో ఆ భాగమే చెప్తుంది.

రాయి చెక్కే ఆయన కాగితం మీద నా రాత చూసి, "ఇంతేనా అమ్మా? అయిదారు మాటలైనా రాయించుకుంటారు జనం" అన్నాడు.

"ఇంతే నాయనా. గుణవతి. ణ జాగ్రత్త, న కాకుండా చూడు" అన్నాను.

మొన్న వేసవి సెలవుల్లో మా మనవరాలు సమాధుల తోటకి వచ్చి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదివి, "గుణం అంటే ఏంటి అమ్మమ్మా?" అని అడిగింది.

వింటినారి అని చెప్పాను. మిగతా అర్థాలు బళ్ళో ఎలాగూ చెప్తారు.